నెయ్యి రాసిన గాజుబిళ్ళ

“గ్రీజుకు నెయ్యి వాసన యాల వస్తాది అత్తా?”

మునీశ్వరి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కాంతమ్మకు తేలికయ్యేది. అరుపుకు అరుపుతో బదులివ్వడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇట్లా మెల్లగా అడిగితేనే ఏం చెప్పాలో తోచదు.

“నాకేం తెల్సు? నీ సామాను జోలికి నేనెప్పుడన్నా వచ్చినానా?” అంది, చాటలో అనపగింజలు చెరుగుతూ. చెరగడానికి ఆ చాటలో పొట్టన్నదే లేదు.

“అన్ని గుంటల మూతలకూ నేను రాసిన గ్రీజుండాది. పదకొండోదానికి మాత్రం నెయ్యుండాది. అదీ మనింటి నెయ్యి. మునగాకేసి కాంచిన నెయ్యి.”

“పిల్లేమన్నా తోసిందేమో.”

“పిల్లి మూత దీసి, మళ్ళా నెయ్యి రాసి, మూసిపెట్టి పోయిందా?”

కాంతమ్మ చాట కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. కడిగిన గిన్నెలనే ఆమె మళ్ళీ కడుగుతోంది.

కాంతమ్మ అత్త కాకముందే మేనత్త. తల్లి పోయిన మునీశ్వరిని ఎత్తుకొచ్చి పెంచింది, జడలు వేసింది, తర్వాత కొడుకు ధనుంజయకు చేసుకుంది. అబద్ధం చెప్పినప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉండలేవని మునీశ్వరికి తెలిసినంతగా కట్టుకున్న శ్రీరాములుకు కూడా తెలియదు.

అంతకు రెండు గంటల ముందు ఆ ఇంట్లో సంబరం చూడాలి. పొద్దున్నే గింజల గదిలో మైక్రోస్కోపు మీదికి వంగిన మునీశ్వరి ఒక్క కేక పెట్టింది. డబ్బాలో వరసగా ఉన్న చిన్న గుంటల్లో పదకొండోదాని మీద, గాలి చొరకుండా మూసిన గాజుబిళ్ళకు తలకిందులుగా వేలాడుతున్న బొట్టులో పలుకు, అంటే స్ఫటికం, కట్టింది. ఇసుక రేణువంతే ఉంది కానీ, అంచులు తీరి, చెక్కి పెట్టినట్టుంది.

ఆ బొట్టులో ఉన్నది అనపగింజల నుంచి తీసిన ప్రోటీను. దాన్ని రక్తంలో కలిపితే ఎర్రకణాలను ఒకదానికొకటి అంటించి ఉండలు కట్టిస్తుంది. ఎట్లా అంటిస్తుందో తెలియాలంటే దాని ఆకారం తెలియాలి. అంత చిన్నదాని ఆకారం ఏ మైక్రోస్కోపుకూ అందదు. కోట్ల అణువులు బారులు తీరి పలుకు కడితే, దాని గుండా ఎక్స్‌రేలు పంపి, ఫిలిం మీద పడే చుక్కలను బట్టి లెక్క కట్టుకోవాలి. పలుకు లేకపోతే లెక్కా లేదు, ఆకారమూ లేదు, మునీశ్వరి డాక్టరేటూ లేదు.

బెంగళూరు ల్యాబులో కరెంటు పోయినప్పుడల్లా గది వేడెక్కి బొట్లన్నీ పాడవుతుంటే, పుంగనూరులో మా మామగారి మట్టిమిద్దెలో గింజలు పెట్టే గది ఉంది, పగలూ రాత్రీ ఒకే చల్లదనం అని ఆమే చెప్పింది. గైడు గోపాలస్వామి నవ్వాడు, తర్వాత ఒప్పుకున్నాడు. కందుల మూటల మధ్య స్టూలు వేసి, మదనపల్లె కాలేజీ నుంచి అరువు తెచ్చిన మైక్రోస్కోపు పెట్టి ఆమె కాపలా కాస్తోంది అందుకే.

పలుకు కట్టిందనగానే ధనుంజయ పరుగున సందు మొదట్లో ఉన్న తండ్రి అంగడికి వెళ్ళి ఫోన్ చేశాడు. గోపాలస్వామి ఉపన్యాసం ఇవ్వడానికి ఆ రోజు మదనపల్లెలోనే ఉన్నాడు. మధ్యాహ్నం కారులో తానే వస్తానన్నాడు. పలుకును తనతో తీసుకుపోయి, ఇంకొక విద్యార్థి వంతు అడిగి తీసుకుని, రాత్రికే బెంగళూరులో ఎక్స్‌రే మిషను మీద పెట్టిస్తానన్నాడు. శ్రీరాములు అంగట్లో కూర్చుని, కందిపప్పు కోసం వచ్చిన ప్రతి మనిషికీ మా కోడలు నీటిబొట్టులో పలుకు కట్టించిందని చెప్పడం మొదలుపెట్టాడు. ఏం పలుకు, ఎందుకు పనికొస్తుంది అని ఒకరిద్దరు అడిగితే, అది మీకు అర్థం కాదులెమ్మన్నాడు. ఆయనకూ కాలేదు.

ఇంకొకసారి కళ్ళారా చూసుకుందామని వంగినప్పుడు మునీశ్వరి ముక్కుకు నెయ్యి వాసన తగిలింది.

“ఎవురు తీస్తే ఏమి? పలుకు కట్టిందా లేదా, అది సెప్పు,” అన్నాడు ధనుంజయ. అంగడి నుంచి వచ్చి, భార్య ముఖమూ తల్లి వీపూ చూసి, విషయం రాబట్టుకునే సరికి అతని సంతోషం సగమైంది.

“ఏం పలుకు కట్టిందో తెలీదు బావా.”

“పొద్దున అరిసింది నువ్వే కదా.”

“అప్పుడు నాకు వాసన రాలేదు. మూత ఎవురో తీసినారు. ఏం చేసినారో, ఏం పడిందో తెలీదు. తీసిన గుంటలోనే పలుకొచ్చింది, తీయని వాటిల్లో రాలేదు. దీనికి ఏమనుకోవాల?”

ధనుంజయ కుప్పం హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఆ మాత్రం లెక్క అతనికీ తెలుసు.

“ఉప్పంటావా?” అన్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పలకరు. పోయిన ఏడు మునీశ్వరి ఇట్లాగే ఒక పలుకును బెంగళూరు మిషను మీద పెట్టించింది. ప్రోటీనైతే ఫిలిం నిండా వందల చుక్కలు పడాలి. అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి. అది ఉత్త ఉప్పు. మర్నాడు ఆమె బల్ల మీద ఎవరో ఉప్పు పొట్లం పెట్టి, దానికి రిబ్బను కట్టారు. ల్యాబంతా నవ్వింది. గోపాలస్వామి నవ్వలేదు గానీ, నవ్వొద్దని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఆమె హాస్టల్లో అన్నం తినలేదు.

“సారుకు ఏమీ సెప్పొద్దు. డబ్బా ఆయన చేతికియ్యి. ఏందో ఆ మిషినే సెప్తాది,” అన్నాడు ధనుంజయ.

“ఉప్పని సెప్తే?”

“సెప్తే సెప్పనీ. ప్రపంచం మునిగిపోదు.”

“నీకేం మునుగుతాది? ఈ నెలతో నా స్కాలర్‌షిప్పు అయిపోతాది. కుప్పంలో నువ్వు మాట్లాడి పెట్టిన స్కూల్లో నేను టీచరుగా చేరతా. నీకు కావాల్సిందీ అదే కదా.”

అన్నాక అనకుండా ఉండాల్సిందనిపించింది. ధనుంజయ ఆమెను కాకుండా గోడకు ఆనించిన మూటలను చూస్తూ నిలబడ్డాడు.

“అవును. అదే కావాల,” అన్నాడు. “పెండ్లయినప్పట్నుంచీ నువ్వు బెంగళూరు, నేను కుప్పం, అమ్మానాయనా ఈడ. అందరం ఒక సోట అన్నం తినాలనుకునేది తప్పయితే తప్పే. అయినా పొద్దున ఫోన్ చేసేదానికి చెప్పుల్లేకుండా పరిగెత్తింది నేనే మునీ. అది గూడా సూడు.”

అతను స్కూటరు తీశాడు. సారుకు దారి చూపించడానికి మదనపల్లెకు పోతున్నానని తల్లితో చెప్పాడు, భార్యతో చెప్పలేదు.

స్కూటరు చప్పుడు సందు దాటేదాకా మునీశ్వరి కదలలేదు. తర్వాత గింజల గదిలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఏడవాలని ఉంది. సారు వచ్చే వేళకు కళ్ళు ఎర్రగా ఉంటే బాగుండదని ఆ పనీ మానుకుంది.

చాలాసేపటికి వాకిట్లో నీడ పడింది. కాంతమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

“మంగళారం ఎదురింటి రత్నమ్మ వచ్చిండె,” అంది.

మునీశ్వరి స్టూలు మీదే ఆమె వైపు తిరిగింది.

“నువ్వు మామకు మందులు తెచ్చేదానికి బజారుకు పోయింటివి. ఆయమ్మ ఈ గదిలోకి తొంగి సూసి, ఎంత ముద్దుగుండాయే నీ కోడలు పెట్టిన బొట్లు, ముత్యాల మాదిరి, అనె. ఆయమ్మ కన్ను ఎట్లాంటిదో నీకు తెల్సు. మన ఆవు దూడకు పాలు నిలిపేసింది ఆయమ్మ సూసిపోయినాకే.”

“దిష్టి తీసినావా అత్తా?”

“తీసినా. మనిషికి తీసినట్టే. కల్లుప్పూ ఎండు మెరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని తిప్పినా.”

“తిప్పితే తిప్పినావు. మూత యాల తీసినావు?”

“అద్దం అడ్డముంటే లోపలిదాని దిష్టి బయటికెట్లొస్తాది?” అంది కాంతమ్మ. ఇంత చదివిన పిల్లకు ఇంత చిన్న సంగతి చెప్పాల్సి వచ్చిందే అన్నట్టుగా ఉంది ఆమె గొంతు. “అన్నీ తీసేదానికి బయమేసె. ఒకటే తీసినా.”

ఇంకో రోజైతే మునీశ్వరి పడీపడీ నవ్వేది. ఇప్పుడు ఆమె గోళ్ళు స్టూలు చెక్కలోకి దిగాయి.

“ఉప్పు పడిందా?”

కాంతమ్మ తల ఊపింది. “ఒక పలుకు. గుప్పిట్లోంచి జారె.”

“యాడ పడింది? కింద గుంటలో నీళ్ళుండాయి సూడు, దాంట్లోనా? బిళ్ళకుండే బొట్టులోనా?”

“ఆ బిళ్ళ నా రెండో చేతిలో ఉండె. తిరగేసి పట్టుకోనుంటి. కింద నీళ్ళలోనే పడిందనుకున్యా. బొట్టు మీద గూడా రాలిందేమో నాకు తెలీదమ్మా. గాబరాగా మూస్తే సరిగ్గా అంటుకోకపాయె. నీ గ్రీజు యాడ పెట్టినావో కనపడక ఇంత నెయ్యి రాసినా.” ఆమె గొంతు చిన్నదైంది. “పొద్దున నువ్వు ఎగిరి గంతేసినప్పుడు, దిష్టి పోయినందుకే కట్టిందనుకున్యా. సెప్దామనే ఉన్యా. నువ్వు నెయ్యి సంగతి అడిగేతలికి నోరు రాలా.”

మునీశ్వరికి తిట్టడానికి నోరు రావడం లేదు, సరేలే అనడానికీ రావడం లేదు. ఆమె మనసంతా ఆ ఒక్క ఉప్పు పలుకు వెంట పోతోంది.

ఉప్పు బొట్టులో పడి ఉంటే, కరిగి, మళ్ళీ ఆరి పలుకు కట్టింది ఉప్పే. దాంతో అంతా అయిపోయినట్టే. కింద నీళ్ళలో పడి ఉంటే కథ వేరు. ఉప్పెక్కిన నీళ్ళు పైబొట్టులోని తడిని ఇంకా గట్టిగా లాక్కుంటాయి. బొట్టు చిక్కబడుతుంది. ఇన్ని వారాలుగా కట్టనిది అప్పుడు కట్టినా కట్టొచ్చు. అట్లా జరిగి ఉంటే, ఈ పలుకును కట్టించింది తన చదువు కాదు, కాంతమ్మ గుప్పిట్లోంచి జారిన ఉప్పు.

ఏది నిజమో పలుకును చూసి చెప్పలేరు. రెండూ మెరుస్తాయి.

ఆమె పెట్టెలోంచి సన్నటి సూది తీసింది. కాంతమ్మ అప్పుడు లోపలికి వచ్చింది.

“ఏం చేస్తాండావు?”

“తాకి సూస్తా. ఉప్పైతే సూది కింద గట్టిగా ఉంటాది, టక్కుమంటాది. ప్రోటీనైతే మెత్తన. నలిగిపోతాది.”

“నలిగితే మళ్ళా అతుకుతాదా?”

“అతకదు.”

“మరి యాల తాకేది? ఆ సారు వస్తాండాడు కదా. ఆయప్పనే తెల్సుకోనీ.”

“ఆయనకు తెలిస్తే అందరికీ తెలుస్తాది అత్తా. ఈసారి మూట ఉప్పు తెచ్చి పెడతారు నా బల్ల మీద.”

కాంతమ్మకు ఉప్పు పొట్లం సంగతి తెలియదు. ఎవరూ ఆమెకు చెప్పలేదు. కానీ పిల్ల ముఖంలో భయం ఆమెకు తెలుసు. చిన్నప్పుడు బడిలో పలక పగలగొట్టుకుని ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడిపోయినప్పటి ముఖం అది.

“వద్దమ్మా,” అంది. “నా మాటిను. ముట్టుకోవద్దు.”

“అంచు మీదే. ఊరికే అట్లా తాకుతా.”

ఇక్కడ మునీశ్వరిని వెనకేసుకొచ్చేదేమీ లేదు. తెలుసుకోవాలన్న ఆరాటమని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. అది సిగ్గుకు భయపడటం. రాత్రిదాకా ఓపిక పడితే మిషనే చెప్పేది. పలుకు చెక్కు చెదరకుండా చెప్పేది. నలుగురి ముందు తెలిసే దానికంటే ముందుగా, ఒంటరిగా, తానే తెలుసుకోవాలని ఆమెకు పట్టుకుంది. పట్టుకున్నాక ఇంక వదల్లేదు.

గాజుబిళ్ళను తీసి, తిరగేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. వెలుతురు సర్దింది. పలుకు అంచులు నిగనిగలాడాయి. సూది మొన కనిపించింది, పెద్ద గదిలో దారి తప్పినట్టు అటూ ఇటూ తడబడి, మెల్లగా దగ్గరికి వచ్చింది.

సూది తాకింది.

టక్కుమనలేదు. చప్పుడే లేదు. ఒక మూల మెత్తగా లోపలికి కుంగింది. వెంటనే సూది వెనక్కి తీసింది, కానీ మూలనుంచి మొదలైన పగులు ఆగలేదు. పలుకంతా జున్నుముక్క చిదిమినట్టు విడిపోయింది. బొట్టులో తుక్కు తేలింది.

మునీశ్వరి కన్ను ఎత్తలేదు.

“ఏమయింది?” అంది కాంతమ్మ.

“ఉప్పు కాదు.”

“కాదా?” కాంతమ్మ ముఖం విచ్చుకుంది. “అంటే అదేనా? నీదేనా?”

“అదే అత్తా. ప్రోటీనే.”

“నేను పాడు చేయలేదా?”

“లేదు.”

“మరి యాడుండాది? నన్నొకసారి సూడనీ.”

మునీశ్వరి పక్కకు జరిగింది. కాంతమ్మ కంటికి ఏమి కనిపించిందో, ఎంత అర్థమైందో తెలియదు. కాసేపు వంగి చూసింది. తర్వాత మెల్లగా నడుము నిలబెట్టి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పడగానే మునీశ్వరికి అంతసేపూ ఆపుకున్న ఏడుపు వచ్చింది. ఇంత కాలం ఎదురుచూసింది, దొరికింది, ఎవరూ చెడగొట్టలేదు. తానే చెడగొట్టుకుంది. తన కడుపు మీద తానే కొట్టుకున్నట్టుంది ఆమెకు.

“నీ ఉప్పు కిందే పడింది అత్తా,” అంది ఏడుపు మధ్య. “దాని వల్లనే...”

మాట పూర్తి కాలేదు. సందులో కారు హారను మోగింది. దాని వెనకే ధనుంజయ స్కూటరు ఆగిన చప్పుడు. అంగట్లోంచి శ్రీరాములు గొంతు, “రాండి సారూ, రాండి, మీ కోసరమే సూస్తాండాము,” అని.

కాంతమ్మ తన కొంగుతో మునీశ్వరి ముఖం తుడిచింది. చిన్నపిల్లకు తుడిచినట్టు గట్టిగా తుడిచింది. కోడలు చెప్పబోయింది ఏమిటో ఆమె వినిపించుకోలేదు. ‘దాని వల్లనే’ అన్నంత వరకే విన్నది, తన ఉప్పు వల్లనే నలిగిందని మిగతాది తనకు తోచినట్టు పూరించుకుంది.

గోపాలస్వామి పలుకును చల్లగా తీసుకుపోవడానికి థర్మాకోల్ డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో, నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వు మునీశ్వరి ఈ నాలుగేళ్ళలో చూసింది తక్కువ.

“ఏదీ, చూపించు. మదనపల్లెలో ఉపన్యాసం సగానికి కుదించి వచ్చాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు, కుదించినందుకే అనుకుంటాను.”

ఎవరూ నవ్వలేదు. ధనుంజయ భార్య ముఖం చూసి, వేసిన అడుగు వేసినట్టే ఆగిపోయాడు.

“సారూ,” అంది కాంతమ్మ. తలుపుకూ మైక్రోస్కోపుకూ మధ్య వచ్చి నిలబడింది. “మీరు నన్ను ఏమన్నా అనండి. ఆ పలుకు నేను నలిపేసినా.”

“అమ్మా,” అన్నాడు ధనుంజయ.

“సదువులేని దాన్ని. ఎట్లుంటాదో సూద్దామని మూత దీసి ఏలు పెట్టినా. నలిగిపాయె. బిడ్డ వద్దు వద్దనే అనె. ఆ బిడ్డ తప్పు ఒక్కటి లేదు సారూ.”

“నీకు బుద్ధుండాదా?” అన్నాడు శ్రీరాములు. పొద్దుటి నుంచి ఊరందరికీ చెప్పుకున్న మనిషి, పరువు పోయిన కోపమంతా ఇప్పుడు భార్య మీద చూపించాడు. “గడ్డి తింటాండావా? నీ చేతులు ఇరిసి పొయ్యిలో బెట్టాల. బిడ్డ నోట్లో మన్ను గొట్టినావు కదే.”

కాంతమ్మ తల వంచుకుని నిలబడింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఒకటంటే రెండు అనే మనిషి. ఆ రోజు ఒక్కటీ అనలేదు.

గోపాలస్వామి డబ్బా కింద పెట్టాడు. ముఖంలో నవ్వు పోయింది గానీ కోపం రాలేదు. “ఆమెను ఏమీ అనకండి పెద్దాయనా. తెలియక జరిగింది. ల్యాబులో మా వాళ్ళు తెలిసి చేసినవే ఇంతకంటే ఎక్కువున్నాయి.” మునీశ్వరి వైపు తిరిగాడు. “నువ్వూ దిగులు పడకు. నీ చేతిలో లేని ప్రమాదమిది. ఇంట్లో ఇట్లా జరిగిందని నేనే రాస్తాను. నీ స్కాలర్‌షిప్పు ఇంకో ఆరు నెలలు పొడిగించమని అడగడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? ఇస్తారు. నేను ఇప్పిస్తాను.”

ధనుంజయ భార్యను చూస్తున్నాడు. ఏమి జరిగిందో అతనికి తెలియదు, కానీ ఏదో జరిగిందని తెలుసు.

ఆరు నెలలు. మునీశ్వరికి మిగతా మాటలేవీ వినిపించలేదు. ఎంత ఉప్పు కలపాలో కనుక్కోవడానికి ఆరు నెలలు చాలు. మళ్ళీ కట్టించవచ్చు. బల్ల మీద ఉప్పు పొట్లాలుండవు. నోరు తెరవకుండా నిలబడితే చాలు.

ఆమె ముందు కాంతమ్మ వీపు ఉంది. చెమటకు జాకెట్టు తడిసింది. ఆ పలుకును కట్టించిన మనిషి దాన్ని పగలగొట్టానని చెప్పి, అందరి మాటలూ పడుతూ నిలబడింది. అసలు సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

“జరిగింది అమ్మగారు చెప్పినట్టేనా మునీశ్వరీ?” అన్నాడు గోపాలస్వామి. “రాసేది నేను కాబట్టి అడుగుతున్నాను.”

కాంతమ్మ చెయ్యి వెనక్కి వచ్చింది. ఎవరికీ కనిపించకుండా కోడలి చేతిని వెతికి పట్టుకుని, గట్టిగా నొక్కింది. ఊరుకోమని. మునీశ్వరి పిడికిట్లో ఇంకా ఉన్న సూది కాంతమ్మ అరచేతిలో గుచ్చుకుంది. అయినా ఆమె చెయ్యి తీయలేదు.

“సార్,” అంది మునీశ్వరి.